బ్రేకుల బాబాయిగారు, ఆయన పాత కారు

ఈ ఏప్రిల్ మొదటి వారంలో ఒక పొద్దున, నేను ఆసుపత్రి ల్యాబ్‌లో తెల్లకోటు తొడుక్కుంటుండగా పక్కింటి పిన్నిగారు ఫోన్ చేశారు. నేను పనిలో ఉండగా ఆవిడ ఎప్పుడూ ఫోన్ చెయ్యరు. "అమ్మాయ్, మీ బాబాయిగారు పోయారు. నిద్రలోనే. కాఫీ కలిపి పిలిస్తే లేవలేదు," అన్నారు. ఆవిడే మళ్ళీ, "కంగారుపడి రాకు. నెమ్మదిగా డ్రైవ్ చేసుకుంటూ రా," అన్నారు. భర్త పోయిన కబురు చెబుతూ కూడా నా డ్రైవింగ్ గురించి జాగ్రత్త చెప్పారంటే దానికి కారణం ఉంది. ఆ కారణమే ఇక్కడ చెప్పుకుందామని కూర్చున్నాను.

బాబాయిగారు మాకు చుట్టం కాదు. 2003లో మేము ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఇల్లు కొనుక్కుని వచ్చేసరికి పక్కింట్లో ఉన్న తెలుగువాళ్ళు, అంతే. గుడివాడ దగ్గర పుట్టి, డెబ్భైల మొదట్లో చదువుకోవడానికి వచ్చి, డెట్రాయిట్‌లో ఒక కార్ల కంపెనీలో బ్రేకులు డిజైన్ చేసే ఇంజనీరుగా చేరి, ఆ బ్రేకుల దగ్గరే రిటైరయ్యారు. మా పిల్లలకి ఆయన అంకుల్. మాకు బాబాయిగారు. చుట్టుపక్కల తెలుగువాళ్ళు మాత్రం ఆయన లేనప్పుడు 'బ్రేకుల బాబాయిగారు' అనేవాళ్ళు. అది ఆయన చెవిన పడనే పడింది. "కార్లు ఆపడం నా ఉద్యోగం, నడపడం నా సరదా. వీళ్ళు ఉద్యోగం పేరు పెట్టారుగానీ సరదా పేరు పెట్టలేదు," అని నవ్వారు.

ఆ సరదా ఏమిటో నాకు మరుసటి వసంతంలో తెలిసింది. మిషిగన్‌లో చలికాలమంతా మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు కార్లని అడుగునుంచి తినేస్తుంది. నాకు అప్పటికి ఇవేమీ తెలియవు. ఒక శనివారం పొద్దున పేపరు తీసుకుందామని బయటికొస్తే, బాబాయిగారు రోడ్డు అంచున గొంతుక్కూర్చుని, వేలు తడిచేసి రోడ్డుకి రాసి, ఆ వేలు నాలిక్కి రాసుకుంటున్నారు. పెద్దాయనకి మతిగానీ తప్పిందేమోనని పేపరు వదిలేసి అటు పరిగెత్తాను.

"ఏంటి బాబాయిగారూ, ఏం చేస్తున్నారు?"

"ఉప్పు చూస్తున్నానమ్మా. ఇంకో వాన పడాలి."

వాకిట్లోంచి పిన్నిగారు, "పప్పులో ఉప్పు చూడమంటే బీపీ అంటారు. రోడ్డు మీద ఉప్పుకి మాత్రం బీపీ లేదు," అన్నారు.

ఆ వాన పడ్డాక గరాజ్ తలుపు లేచింది. లోపలినుంచి వచ్చిన కారుని చూసి నేను కొంచెం నిరాశపడ్డానని ఒప్పుకోవాలి. ఇంత హడావిడి చేశారు కదా, ఏదో పెద్దది వస్తుందనుకున్నాను. అది పొట్టిగా, గుండ్రంగా, మెంతుల రంగులో ఉంది. జర్మన్ కారు, డెబ్భైలలోది, రెండే తలుపులు. ఏ కంపెనీదో ఆయన ఎవరికీ తనంతట తను చెప్పేవారు కాదు, గొప్పలకి పోయినట్టుంటుందని. కాబట్టి నేనూ చెప్పను. ఆఫీసుకైతే ఎప్పుడూ తీసుకెళ్ళలేదట. డెట్రాయిట్‌లో జీతం తీసుకుంటూ పరాయి దేశపు కారు పార్కింగ్‌లో పెట్టడం మర్యాద కాదని ఆయన లెక్క. అందుకని వారమంతా కంపెనీ కారు, శనివారం ఈ కారు.

ఆ రోజే నన్ను ఎక్కించుకుని వెళ్ళారు. అందులో కూర్చుంటే నేల మీద పీట వేసుకుని కూర్చున్నట్టుంది. ఇంజను వెనకాల ఉంటుంది. మొదట ఎవరో కుట్టుమిషను తొక్కుతున్నట్టు చప్పుడు. ఊరు దాటి, ఇంజను బాగా వేడెక్కాక, ఆయన గేరు మార్చకుండా అలాగే కాలు నొక్కారు. కుట్టుమిషను పోయి గొంతు మారింది. నా వీపు సీటుకి అతుక్కుపోయింది. నేను కేక పెట్టాననుకున్నాను, తీరా చూస్తే నవ్వుతున్నాను. మా మినీవాన్‌లో అంతకంటే ఎక్కువ వేగంగా ఎన్నోసార్లు వెళ్ళాను. కానీ ఆ వేగం నాకెప్పుడూ తెలియలేదు. ఈ కార్లో రోడ్డు పక్క బోర్డు మీద రాసిన వేగానికే ఒళ్ళంతా మేలుకుంది.

"కొత్త కార్లు మన తప్పుల్ని మనకి తెలియనివ్వవమ్మా. మనం తప్పు చేస్తే కంప్యూటర్ గుట్టుగా సర్దేస్తుంది. ఇది సర్దదు. ఏం చేశావో అప్పటికప్పుడు చెప్పేస్తుంది," అన్నారు. ఆయన ఆ మాట అనేటప్పుడు, కారు గురించి కాక, బాగా ఇష్టమైన ఒక కఠినమైన మనిషి గురించి చెబుతున్నట్టుండేది.

నిజంగానే అది కఠినమైన కారు. స్టీరింగ్‌కి పవర్ సాయం లేదు, పార్కింగ్‌లో తిప్పాలంటే రుబ్బురోలు తిప్పినంత పని. క్లచ్ నొక్కితే తొడ నొప్పి. చలిగా ఉన్నప్పుడు రెండో గేరు పడదు, బతిమాలాలి. ఇంజనాయిల్ చూడాలంటే అన్ని కార్లలాగా ఆపి కాదు, ఇంజను వేడి మీద నడుస్తుండగానే చూడాలి. హీటర్ వేస్తే కార్లో దీపారాధన నూనె మాడిన వాసన. ఇన్ని వంకలున్న కారుని పట్టుకుని ఆయన అంత మురిసిపోవడం మొదట్లో నాకు వింతగా ఉండేది. పిన్నిగారికి ముప్పై ఏళ్ళ తరవాత కూడా వింతగానే ఉండేది. "ఇంట్లో నేను ఒక్క వంక పెడితే వినరు. అది నూరు వంకలు పెట్టినా వింటారు," అనేవారు.

కొన్నేళ్ళు అలా గడిచాయి. తరవాత ఆయన కళ్ళకి జబ్బు చేసింది. చూపు నట్టనడుమ మసకబారి, పక్కలు మాత్రం కనిపించే జబ్బు. మనిషి ముఖం చూడాలంటే చెవి వైపు చూడాలి. పేపరు చదవడం పోయింది. ఒకరోజు సిగ్నల్ దగ్గర ఎర్ర దీపం వెలిగిందో లేదో తల పక్కకి తిప్పితేగానీ తెలియలేదట. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, ఎవరూ చెప్పకుండానే, రెండు కార్ల తాళంచెవులూ తీసుకెళ్ళి వంటింట్లో దేవుడి అలమరాలో కుంకుమ భరిణె పక్కన పెట్టేశారు. "ఆపలేనివాడు నడపకూడదు," అన్నారు. జీవితమంతా బ్రేకులు చేసిన మనిషి కదా, ఆయనతో ఎవరు వాదిస్తారు? బోస్టన్‌లో ఉన్న కూతురు ఫోన్ చేసి, "నాన్నా, దట్ కార్ అమ్మేయండి, ప్లీజ్. ఇంకెవరు నడుపుతారు?" అంది. ఆయన చూద్దాంలే అన్నారు.

అది జరిగిన వేసవిలో ఒకరోజు కంచె దగ్గర నిలబడి నన్ను అడిగారు. "అమ్మాయ్, నీకు క్లచ్ నేర్పనా?"

నేను నవ్వేశాను. అంతకు ముందు చలికాలం గడ్డకట్టిన రోడ్డు మీద జారి, వెనక సీట్లో పాపతో సహా గుంటలోకి వెళ్ళినదాన్ని. ఎవరికీ దెబ్బలు తగల్లేదుగానీ అప్పటినుంచి కార్లు ఆగకుండా దూసుకుపోయే ఫ్రీవే ఎక్కాలంటే నాకు అరచేతులు చెమటలు. అదే చెప్పాను. మా ఆయనకి నేర్పండి అన్నాను.

"మీ ఆయనకి కాళ్ళు పట్టవు అందులో. పైగా అతనికి భయం లేదు. భయం లేనివాళ్ళకి ఈ కారు ఇవ్వకూడదు," అన్నారు. తరవాత గొంతు తగ్గించి, "డాక్టర్ ఈ పక్క చూపు కూడా ఎన్నాళ్ళుంటుందో చెప్పలేనన్నాడు. అది పోయేలోపు, శనివారాలు నేను వెళ్ళే నది పక్క దారి ఆ కార్లోంచి ఇంకోసారి చూడాలనుందమ్మా. ఆకులు రంగు తిరిగినప్పుడు," అన్నారు. అలా అడిగితే కాదనడం నావల్ల కాలేదు.

పాఠాలు చర్చి పార్కింగ్‌లో మొదలయ్యాయి. ఇంజను ఎన్నిసార్లు ఆపేశానో చెప్పను. ఆయన ఒక్కసారి కూడా విసుక్కోలేదు. పక్కన కూర్చుని, కళ్ళతో పనిలేకుండా, చప్పుడు బట్టి చెప్పేవారు. "ఇప్పుడు మూడో గేరు వెయ్యి." "క్లచ్ సగంలో ఉంది, పూర్తిగా వదులు." "అంత నెమ్మదిగా తీసుకెళ్ళకు, దానికి జబ్బు చేస్తుంది." జాలిపడి నెమ్మదిగా నడిపితే పాత ఇంజనులో మసి పట్టి పాడవుతుందట. నేనైతే దాన్ని బాలింతరాలిని తీసుకెళ్ళినట్టు తీసుకెళ్ళేదాన్ని.

ఇక వంపుల పాఠం. "ఇంజను బరువంతా వెనక ఉంది. వంపులో ఉండగా గ్యాస్ పెడల్ మీంచి, అదే యాక్సిలరేటర్ మీంచి, టక్కున కాలు తీశావనుకో, బరువు ముందుకి తూగుతుంది, వెనక చక్రాలు పట్టు వదిలేస్తాయి. చంకన బిందె పెట్టుకుని మలుపు తిరుగుతూ టక్కున ఆగితే నీళ్ళు ఏమవుతాయి? అంతే ఇదీ. వేగం తగ్గించుకోవలసింది వంపుకి ముందు. లోపలికి వెళ్ళాక కాలు తీయకు." నేను తలూపాను. తలూపడం సులువే.

హ్యూరాన్ నది పక్కన ఒక చిన్న వంతెన ఉంది. అది దాటగానే దారి కుడివైపుకి పొడుగ్గా వంపు తిరుగుతుంది. అవతల ఏముందో చెట్లు కనపడనివ్వవు. సెప్టెంబరులో ఒక శనివారం మొదటిసారి అక్కడికి వెళ్ళాం. వంతెన దాటి వంపులోకి తిప్పాను. అవతల కనపడకపోయేసరికి నా ఎడమచెయ్యి దానంతటదే హారన్ మీద పడింది, కుడికాలు దానంతటదే గ్యాస్ మీంచి లేచింది. చిన్నప్పుడు మా నాన్న డిపార్ట్‌మెంట్ జీపులో పాడేరు ఘాట్ రోడ్డు మీద ముందు సీట్లో కూర్చుని పెరిగినదాన్ని. అక్కడ మలుపు వచ్చిందంటే కాలు తీసి హారన్ కొట్టాల్సిందే. అమెరికాలో ఇన్నేళ్ళు నోరెత్తకుండా నడిపిన నేను, భయం వేసేసరికి పాడేరు వెళ్ళిపోయాను.

కారు తోక ఎడమవైపుకి జారింది. నది, చెట్లు, ఆకాశం, మళ్ళీ నది. ఆగేసరికి రోడ్డు పక్క గడ్డిలో, వచ్చిన దారి వైపే ముఖం పెట్టి ఉన్నాం. గీత కూడా పడలేదు.

బాబాయిగారు, "ఆ హారన్ ఎవరికమ్మా?" అన్నారు.

"అవతలనుంచి బస్సొస్తుందేమోనని..."

"ఏ బస్సు? పాడేరు బస్సా?"

ఆయన కళ్ళు తుడుచుకునేంతగా నవ్వారు. నేను ఏడ్చాను. తిరిగి ఎలా తీసుకొచ్చానో నాకే తెలియదు. గరాజ్‌లో తాళంచెవి ఆయన చేతిలో పెట్టి, ఇక నావల్ల కాదన్నాను. ఆయన బతిమాలలేదు. "సరేనమ్మా," అని తాళంచెవి రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డారు.

రెండు వారాల తరవాత పిన్నిగారు కరివేపాకు ఇవ్వడానికి వచ్చారు. ఆవిడ కుండీలో పెంచే ఆ మొక్కకి ఆకులు కోయడం అంటే ప్రాణం పోయినట్టుంటుంది. అలాంటిది గుప్పెడు తెచ్చారంటే ఏదో ఉందనుకున్నాను. కుర్చీ చివర కూర్చుని చెప్పారు.

"నాకు ఆ కారంటే మొదటినుంచీ భయమే, నీకు తెలుసుగా. శనివారం ఆయన తిరిగొచ్చేదాకా స్టవ్ మీద ఏం పెట్టానో కూడా తెలిసేది కాదు. ఇప్పుడేమో పొద్దున్నే కాఫీ తాగేసి గరాజ్‌లోకెళ్ళి, ఇంజను వెయ్యకుండా ఆ సీట్లో కూర్చుంటున్నారు. గేర్లు మారుస్తున్న చప్పుడు వంటింట్లోకి వినపడుతోందమ్మా. ఒకటి, రెండు, మూడు. మళ్ళీ రెండు. ఆ దారంతా ఒక్కరే వెళ్ళొస్తున్నారు." ఆవిడ కరివేపాకు రెమ్మలు బల్ల మీద సర్దారు. "అది నాకు ఇంకా భయంగా ఉంది. నువ్వు ఆయన్ని తిప్పి తీసుకురా. పడితే మళ్ళీ గడ్డిలోనే పడండి."

అది విన్నాక నాకు ఇంట్లో కాలు నిలవలేదు. ఆ శనివారమే వెళ్ళి తలుపు కొట్టాను.

ఈసారి ఆయన నాకు చక్రాల గురించి, బరువు గురించి ఏమీ చెప్పలేదు. వంతెన దగ్గరపడుతుండగా, "ఇక్కడ భయపడు. బాగా భయపడు. బ్రేక్ నొక్కు, మూడు వెయ్యి," అన్నారు. వంపు మొదలవగానే, "ఇక చాలు," అన్నారు. అంతే. భయాన్ని వంతెన మీదే వదిలేసి రమ్మన్నట్టు. నేను రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుని, కాలుని ఉన్నచోటే ఉంచాను. కారు వెనక భాగం కొంచెం కుదురుకుని రోడ్డుకి అతుక్కుంది, ఎవరో నడుం పట్టుకుని వంపు చివరిదాకా తోసినట్టు బయటికొచ్చింది. స్టీరింగ్‌లో ప్రతి గులకరాయీ అరచేతికి తెలిసింది. ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషానికి నా వయసుకీ, ఉద్యోగానికీ, ఇంట్లో ఉతకాల్సిన బట్టలకీ ఏ సంబంధమూ లేదు. ఫ్రీవే భయం కూడా ఆ శరత్తులోనే ఎక్కడో రాలిపోయింది.

మేపుల్ చెట్లు ఎర్రబడి ఉన్నాయి. ఆయన తిన్నగా ముందుకే చూస్తూ కూర్చున్నారు. "నడుమ ఏమీ లేదు. పక్కలు మాత్రం భలే ఉన్నాయి. ఈ దారికి అందం పక్కలేగా," అన్నారు.

ఆ తరవాత వానలు ఉప్పు కడిగేసిన దగ్గర్నుంచి మళ్ళీ ఉప్పు చల్లే దాకా, దాదాపు ప్రతి శనివారం వెళ్ళాం. మా ఆయన, 'మీ క్లాసు అయిందా' అని వెక్కిరించేవాడు. పిన్నిగారు ఇడ్లీలు పెట్టి తయారుగా ఉండేవారు. ఒక్కసారైనా ఎక్కండి అంటే మాత్రం, నేను భూమ్మీదే బాగున్నానమ్మా అనేవారు. ఈ ఏప్రిల్‌లో ఆయన అంత్యక్రియలకి కూతురు వచ్చింది. తిరిగి బోస్టన్ వెళ్ళే రోజు గరాజ్‌లో నిలబడి, "అమ్మా, ఈ కార్ సంగతి?" అని అడిగింది. పిన్నిగారు దేవుడి అలమరాలోంచి తాళంచెవి తీసి నా చేతికిచ్చి, "శనివారం ఉందిగా," అన్నారు. ఆ అమ్మాయి నా వైపు ఒకసారి, వాళ్ళమ్మ వైపు ఒకసారి చూసి, గరాజ్ తలుపు దించింది.

నేను చెప్పదలుచుకున్నది మాత్రం నిరుడు అక్టోబరు సంగతి. మేమిద్దరం కలిసి వెళ్ళిన ఆఖరి శనివారం అదే. అప్పటికి ఆయనకి పక్క చూపు కూడా పోయింది. వెలుగు, నీడ తెలిసేవి, అంతే. కారు దగ్గరికి మోచెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను. దారిలో ఎక్కువ మాట్లాడలేదు. ఒకచోట, "ఎడమ పక్క గోధుమరంగు ఇల్లు దాటామా?" అని అడిగితే, దాటామన్నాను. వంతెన మీద చక్రాల చప్పుడు మారగానే ఆయన వీపు నిటారుగా అయింది. భయపడు అనీ అనలేదు, చాలు అనీ అనలేదు. నేను బ్రేక్ నొక్కి, మూడో గేరులో వేసి, లోపలికి తిప్పాను.

ఎవరైనా సరే, డ్రైవర్ పక్కన కూర్చుని భయం వేస్తే లేని బ్రేకుని కాలితో నొక్కుతారు. మా ఆయన నొక్కుతాడు, మా పాప నొక్కుతుంది. వంపు చివరికొస్తుండగా ఆయన ఎలా ఉన్నారోనని ఒక్క చూపు అటు వేశాను. బాబాయిగారి కుడికాలు మడమ ఆనించి, వేళ్ళు ముందుకి వంచి, గ్యాస్ పెడల్ ఉండవలసిన చోట కార్పెట్‌ని నొక్కి పట్టి ఉంది. కదలకుండా, సరిగ్గా నా కాలు ఎంత నొక్కుతోందో అంతే. ఆయన ముఖంలో ముసలితనం లేదు.

వంపు అయిపోయింది. దారి తిన్నగా అయింది. దూరంగా స్టాప్ బోర్డు కనపడి నేను గ్యాస్ మీంచి కాలు తీశాను. ఆయన ఇంకా తీయలేదు.